ఎవరికీ అభ్యంతరం లేదు

తిల్‌పురి, రాయపూర్
8 జూలై 2012

అక్కకు భీమారావు నమస్కారం.

ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో నువ్వు ఎంతసేపు మాట్లాడినా నేను ఊఁ తప్ప అననని, గోడకు చెప్పుకున్నట్టుందని కిందటి వారం విసుక్కున్నావు. నిజమే. నాకు మాట్లాడటం కంటే రాయడం సులువు. అందుకే ఈ ఉత్తరం. తప్పులుంటే దిద్దుకుని చదువు. చిన్నప్పుడు నాన్నతో రైళ్లలో తిరుగుతూ పార్వతీపురం నుంచి విజయనగరం దాకా స్టేషన్ బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్న తెలుగు ఇది. ఉమారాణికి ఆపాటి కూడా లేదు. రాయపూర్ రైల్వే కాలనీలో పుట్టి హిందీ బడిలో చదివింది. మాట్లాడుతుంది గాని తెలుగు అక్షరం తెలియదు. కాబట్టి నీ మరదలి మీద చాడీలు రాయాలనుకుంటే నిర్భయంగా రాయవచ్చు.

ఒక సంగతి చెప్పాలి. మా బ్లాకు రైతు సలహా సమితిలో నన్ను సభ్యుణ్ణి చేశారు. వ్యవసాయ శాఖ గ్రామసేవక్ యోగేష్ ఇంటికి వచ్చి, "భైయా, మీరు రోజూ జమాఖర్చు రాస్తారట కదా, అలాంటి వాళ్లే కావాలి" అని పేరు రాసుకుని వెళ్లాడు. నేను ఏమీ అనలేదు. తరువాత కాగితం వచ్చింది. రైతులకు ఏం కావాలో అడిగి తెలుసుకుని ఆఫీసరుకు సలహా ఇవ్వడం మా పని అని అందులో ఉంది.

నాన్న పంచి ఇచ్చిన నీ రెండెకరాల్లో, వాటిని పాలికి చేస్తున్న మన పరదేశి విత్తనం చల్లాడు. వాన సరిపోయింది. సగం పంటకు చేస్తున్నా సొంత నేలలాగే చూస్తాడని నీకు తెలిసిందే. సిల్తారా ఇనుప కార్ఖానా వైపు నుంచి గాలి వీచినప్పుడు మాత్రం ఆకుల మీద నల్లధూళి పడుతోంది. కిందటేడు కంటే ఎక్కువ.

మేనల్లుడు మురళీమోహన్‌ని అడిగానని చెప్పు.

భీమారావు


పార్వతీపురం
19 జూలై 2012

ఒరే భీముడూ,

నీ ఉత్తరం ముందు నేను చదివాను, తరవాత పక్కింటి అప్పలనరసమ్మకి చదివి వినిపించాను, ఆ తరవాత మురళి ఆఫీసు నుంచి రాగానే వాడి చేత నాకు చదివించుకున్నాను. మా తమ్ముడు సర్కారుకి సలహా ఇస్తాడు! నాన్న ఉంటే తన రైల్వే గ్యాంగు వాళ్లందరికీ జిలేబీ పంచేవాడు.

అప్పలనరసమ్మ ఏమందో తెలుసా? "సలహాదారంటే ఆఫీసరు కంటే పైనా, కిందా?" అంది. "పైనే, ఆఫీసరు అడిగితేనే కదా సలహా చెప్పేది" అన్నాను. నిజమేనా? దాని మేనల్లుడికి ట్రాక్టరు లోను కావాలట. అది వేరే రాష్ట్రం, వాళ్ల ప్రభుత్వం వేరు అని చెప్పి తప్పించాను. నిన్ను ఇబ్బంది పెట్టలేదు, మెచ్చుకో.

ఇంక మన పని. నల్లధూళి అన్నావు. ఆ కార్ఖానా వాడి పొగగొట్టానికి మూత పెట్టమని మొదటి మీటింగులోనే చెప్పు. గట్టిగా చెప్పు. నీ సంగతి నాకు తెలుసు కనక అంటున్నాను. నీ పెళ్లిచూపులప్పుడు "పిల్ల నచ్చిందా" అని నాన్న అడిగితే దూలం కేసి చూస్తూ కూర్చున్నావు. ఏమీ అనలేదంటే సరే అన్నట్టే అని ఆయన తాంబూలాలు పుచ్చేసుకున్నాడు. అక్కడంటే ఉమారాణి మంచిది కాబట్టి గట్టెక్కావు. మీటింగులో అలా కూర్చోకు.

పరదేశిని అడిగానని చెప్పు. చలికాలంలో తివ్రా పప్పుమొక్కల లేత ఆకు ఎండబెట్టి పంపడం మరిచిపోవద్దను. ఆ ఆకు వేసి వండిన పప్పు లేకపోతే నాకు పుష్యమాసం వచ్చినట్టే ఉండదు.

మీ అక్క
సరోజిని


తిల్‌పురి
14 అక్టోబరు 2012

అక్కకు,

ఆలస్యమైంది. మొదటి సమావేశం అయ్యాక రాద్దామని ఆగాను. అది రెండుసార్లు వాయిదా పడింది.

నువ్వు అప్పలనరసమ్మగారితో అన్న మాట సరి కాదు. మేము ఆఫీసరు కంటే పైన కాదు. కింద కూడా కాదు. పక్కన కుర్చీల్లో కూర్చుంటాం. మేము చెప్పినది వాళ్లు చేయాలని ఎక్కడా లేదు.

సమావేశం ఎలా జరుగుతుందో రాస్తాను. బ్లాకు ఆఫీసు హాల్లో టీ, సమోసా ఇస్తారు. అధ్యక్షుడు ప్రేమ్‌చంద్‌గారు మంచివాడు, మాట తీరు మెత్తన. ఆఫీసరు ఒక్కొక్క అంశం చదువుతాడు. చదవడం అయ్యాక ప్రేమ్‌చంద్‌గారు కళ్లజోడు పైకెత్తి, "కిసీ కో ఆపత్తి?" అని అడుగుతాడు. ఎవరికైనా అభ్యంతరమా అని. ఎవరూ మాట్లాడరు. "సర్వసమ్మతి" అంటాడు. గుమాస్తా రాసుకుంటాడు. మళ్లీ తరువాతి అంశం. పుట్టగొడుగుల పెంపకంలో శిక్షణ, వానపాముల ఎరువు, కొత్త రకం శనగ విత్తనం, అన్నీ అలాగే దాటిపోయాయి. ధూళి అందులో లేదు. లేని దానికి అభ్యంతరం ఎలా చెప్పాలో నాకు తోచలేదు. చివర "ఇంకేమైనా ఉందా" అని అడుగుతారనుకుని ఎదురుచూశాను. ఈలోగా అందరూ లేచారు.

గేటు బయట పరదేశి సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచి ఉన్నాడట. "కా హోయిస్, భైయా?" అని అడిగాడు. ఏమైందని. టీ ఇచ్చారని చెప్పాను. అతను నవ్వాడు. ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ వచ్చాం.

వరి కోయకముందే చేలో తివ్రా చల్లాడు. వరి కంకులు బాగానే వచ్చాయి, రంగే బాగాలేదు.

భీమారావు


పార్వతీపురం
20 జనవరి 2013

భీముడూ,

కోపంగా రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

పాసింజరులో వచ్చిన గార్డుగారి చేత నువ్వు పంపిన తివ్రా ఆకు అందింది. పండగ వెళ్లాక వండుదామని నీళ్లలో వేశాను. నీళ్లు నల్లబడ్డాయి. పారబోసి మళ్లీ వేశాను, మళ్లీ నలుపే. అప్పలనరసమ్మ వచ్చి చూసి, "ఏటమ్మా, బొగ్గులు కడుగుతున్నావా?" అంది. ఎంత కడిగినా నోట్లో కరకరలాడుతూనే ఉంది. చివరికి ఆవుకి పెట్టాను. అది మూతి తిప్పుకుంది.

పరదేశి ఇంత సోమరి ఎప్పుడయ్యాడు? తారురోడ్డు మీద లారీలు తిరిగే చోట ఆరేసి ఉంటాడు. వాళ్లమ్మ ఉన్నప్పుడు పేడతో అలికిన చోట ఆరబెట్టేది. నువ్వైనా చూసుకోవద్దా? ధాన్యం కూడా మిల్లువాడు నల్లగా ఉందని పేచీ పెట్టాడట, మురళికి ఎవరో చెప్పారు. నువ్వెందుకు రాయలేదు? మనిషి చేతులు జారవిడిస్తే నేల పాడవుతుంది. పరదేశి చెయ్యలేకపోతే వేరే వాళ్లని పెట్టు. మొహమాటం వద్దు.

ఇంకో మాట. సిల్తారా నుంచి ఒక బ్రోకరు మురళికి ఫోను చేస్తున్నాడు. మన పొలాల వరసలో గోడౌన్లు కడతారట, అమ్ముతారా అని. మా తమ్ముడు సమితిలో ఉన్నాడు, ఆ ధూళి సంగతి వాడే తేలుస్తాడు, అమ్మం అని చెప్పమన్నాను. తేలుస్తున్నావు కదా?

సరోజిని


తిల్‌పురి
17 ఫిబ్రవరి 2013

అక్కకు,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయలేకపోయాను. ఈసారి పొడుగ్గా రాస్తాను.

పరదేశి ఆకును రోడ్డు మీద ఆరబెట్టలేదు. వాళ్లమ్మ ఆరబెట్టిన చోటే, అలికిన వాకిట్లోనే ఆరబెట్టాడు. పైన పాత చీర కూడా కప్పాడు. ఆ నలుపు ఆరబెట్టినప్పుడు అంటింది కాదు. చేలో ఉండగానే ఆకు మడతల్లోకి దిగింది. నేను చూస్తూనే ఉన్నాను. నీకు ఇష్టమని పంపకుండా ఉండలేకపోయాడు. మీ ఆవే కాదు, ఇక్కడి పశువులు కూడా వరిగడ్డి ముట్టడం లేదు. పరదేశి, అతని భార్య ఎడ్లకు గడ్డిని కాలవలో జాడించి పెడుతున్నారు. ఆమె చేతులు నీళ్లలో నాని పాసిపోయాయి.

అందుకని ఈసారి సమావేశానికి ఒక గడ్డికట్ట సైకిలుకి కట్టుకుని వెళ్లాను. ప్రేమ్‌చంద్‌గారు "కిసీ కో ఆపత్తి?" అన్నప్పుడు లేచి నిలబడ్డాను. అప్పుడు నడుస్తున్న అంశం కూరగాయల నారు గురించి. అయినా నిలబడ్డాను. గడ్డి బల్ల మీద పెట్టి, అరచేత్తో దులిపి చూపించాను. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డ పాడైంది. సిల్తారా వైపు పది ఊళ్లలో ఇదే పరిస్థితి, దీని మీద సమితి సలహా రాయాలి అని చెప్పాను. నేను అంత మాట్లాడటం ఎప్పుడూ జరగలేదు. గొంతు నాది కాదేమో అనిపించింది.

ఎవరూ కోప్పడలేదు. ప్రేమ్‌చంద్‌గారు గడ్డి వాసన చూశాడు. "సచ్ బాత్ హై" అన్నాడు. నిజమే అని. ఆఫీసరు చాలా మర్యాదగా, "భీమారావుజీ, ఇది ఏ పథకం కింద రాయమంటారు?" అని అడిగాడు. విత్తనానికి పథకం ఉంది, శిక్షణకు ఉంది, యాత్రకు ఉంది. ధూళికి లేదు. అది వేరే శాఖ వాళ్ల విషయం, రాయపూర్ వెళ్లి అడగండి అన్నాడు.

వెళ్లాను. శంకర్ నగర్‌లో ఒక ఆఫీసు చూపించారు. వాళ్లు ఇది పైవాళ్ల విషయం, కొత్త సచివాలయానికి వెళ్లమన్నారు. నయా రాయపూర్ నువ్వు చూడలేదు. విమానాలు దిగడానికి వేశారా అన్నంత రోడ్లు, మనిషి కనపడడు, నిలబడటానికి చెట్టు నీడ లేదు. గేటు దగ్గర పాస్ అడిగారు. సలహా సమితి సభ్యుణ్ణని కాగితం చూపించాను. కాపలా మనిషి శ్రద్ధగా చదివాడు. "చాచా, ఇది బ్లాకు కాగితం" అని తిరిగి ఇచ్చి, నీళ్లు తాగి వెళ్లమన్నాడు.

సమితి వాళ్లు మాత్రం నన్ను మరిచిపోలేదు. నాకు ఉత్సాహం ఉందని మార్చిలో అధ్యయన యాత్రకు నా పేరు రాశారు. మహారాష్ట్రలో అరటి తోటలు చూపిస్తారట. ఆపత్తి ఉందా అని అడిగారు. అప్పటికి నా దగ్గర మాటలు అయిపోయాయి.

పరదేశిని మార్చవద్దు. ఆ రెండెకరాలు తప్ప అతనికి దున్నుకోవడానికి ఎక్కడా నేల లేదు. అది పోతే అతను వెళ్లి నిలబడవలసింది ఆ కార్ఖానా గేటు ముందే. ఇది ఒక్కటే నిన్ను అడుగుతున్నాను.

ధూళి సంగతి తేలుస్తున్నావు కదా అని అడిగావు. తేల్చలేను. ఈ నేలలో ఇంకా ఎన్నాళ్లు వరి పండుతుందో కూడా చెప్పలేను.

భీమారావు


పార్వతీపురం
8 మార్చి 2013

నాయనా భీముడూ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. పరదేశిని అన్నందుకు నా నోరు పడిపోను. ఆ మాట వాడి చెవిన వెయ్యకు.

నువ్వు గడ్డికట్ట పట్టుకుని నయా రాయపూర్‌లో తిరగడం నా కళ్లకి కట్టినట్టు కనిపిస్తోంది. (అక్కడికి గడ్డి పట్టుకెళ్లలేదని తెలుసు. అయినా అలాగే కనిపిస్తోంది.) మా తమ్ముడు ఆఫీసరు కంటే పైన అని ఊరంతా చెప్పుకున్నదాన్ని నేనే. నా గొప్ప కోసం నువ్వు ఈ వయసులో అలా తిరగాలా? ఇంక వద్దు.

మురళి, నేను కూర్చుని నీ ఉత్తరం మళ్లీ చదివాం. వరి ఎన్నాళ్లు పండుతుందో చెప్పలేనని నీ అంతట నువ్వు రాశావు. నోరు తెరిచి అమ్మెయ్యమని నువ్వు అనవు. ఎలా అంటావో నాకు తెలుసు. ఇదే నీ అనడం. బ్రోకరు మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంటికే వచ్చాడు. మురళి మేడ మీద ఇంకో వాటా వెయ్యాలని ఎప్పటి నుంచో అంటున్నాడు. నా రెండెకరాలూ ఇచ్చేద్దామని అనుకుంటున్నాను. పరదేశికి ఏదైనా దారి నువ్వు చూపిస్తావు, నీ పొలం ఉంది కదా.

కాని నీ మాట లేకుండా చెయ్యను. మురళికి పద్దెనిమిదో తారీకు నుంచి సెలవు దొరికింది. నా తరఫున సంతకం పెట్టే కాగితం వాడి దగ్గర ఉంది. నీకు ఇష్టం లేకపోతే ఈలోగా ఒక్క ముక్క రాయి. ఒక్క ముక్క చాలు, ఆగిపోతాను. నీ ఉత్తరం రాకపోతే నీకు సరే అన్నట్టు.

అక్క


పోస్టుకార్డు
జలగాం
14 మార్చి 2013

అక్కకు, యాత్రలో ఉన్నాను. పదో తారీకున బయలుదేరాను, ఇరవైకి ఇల్లు చేరతాను. అరటి తోటలు బాగున్నాయి. చెట్టు మొదట్లో చుక్క చుక్కగా నీళ్లు పడతాయి. ఆకులు ఎంత పచ్చగా ఉన్నాయో రాయలేను. వేలితో తుడిచి చూశాను, వేలు శుభ్రంగా ఉంది. పక్కనున్న రైతు నవ్వాడు. వచ్చే వానలకు నీ పొలం గట్టు వెంట పరదేశి చేత ఒత్తుగా కంది వేయించి చూద్దాం. కొంత ధూళి అది ఆపవచ్చు. ఇది సమితిని అడగనక్కర్లేదు.
భీమారావు


పార్వతీపురం
22 మార్చి 2013

భీముడూ,

నీ కార్డు నిన్న వచ్చింది. నాకేమీ అర్థం కావడం లేదు. నా పొలం గట్టు మీద కంది వేద్దామని రాశావు. ఏ పొలం? పందొమ్మిదో తారీకున మురళి రిజిస్ట్రీ చేసి వచ్చాడు. వెక్కిరిస్తున్నావా? నువ్వు వెక్కిరించే మనిషివి కాదే.

మురళి మీ ఇంట్లోనే దిగాడు. ఉమారాణి అన్నం పెట్టిందట. "అమ్మ మామయ్యకి ఉత్తరం రాసింది, జవాబు రాలేదు, ఒకసారి అడుగు అత్తా" అని వాడే నీకు ఫోను చేయించాడట. "అక్కగారి పొలం పని మీద మురళి వచ్చాడు, రేపు కచేరీకి వెళ్తాడట" అని ఉమారాణి చెబితే నువ్వు ఊఁ అన్నావట. ఇంకోసారి అడిగితే ఇంకోసారి ఊఁ అన్నావట. ఆ తరవాతే కదా వాడు వెళ్లింది.

నాకు చెప్పు, నా ఉత్తరం నీకు అందలేదా? కోపమైతే తిట్టు. ఫోను చేసి తిట్టు. నిన్న రెండుసార్లు చేశాను, నువ్వు తీశావు. నేను హలో అంటే నువ్వు ఊఁ అన్నావు. నేనే పెట్టేశాను.

సరోజిని


తిల్‌పురి
9 ఏప్రిల్ 2013

అక్కకు,

నాకు కోపం లేదు. ముందు ఆ మాట.

నీ ఉత్తరం అందింది. నేను జలగాంలో ఉండగా, పన్నెండున వచ్చిందట. తెలుగు ఉత్తరం కనుక నేను వచ్చాకే చదువుతానని ఉమారాణి జాగ్రత్తగా గడియారం వెనక పెట్టింది. విప్పలేదు, విప్పినా తెలిసేది కాదు. నేను వచ్చాక ఎలాగూ చదువుతాను కదా అని ఫోనులో దాని మాట ఎత్తలేదట. ఫోను వచ్చినప్పుడు మేము బస్సులో ఉన్నాం. పొలం పని అంటే మురళి శిస్తు కట్టడానికి వచ్చాడనుకున్నాను. భోజనం పెట్టమందామనుకున్నాను, అదీ అనలేదు. ఊఁ అన్నాను. ఉమారాణి తప్పు లేదు, మురళి తప్పు లేదు. నువ్వు నన్ను అడిగావు కూడా. ఎవరిని ఏమనాలో తెలియక ఇన్నాళ్లూ ఉత్తరం రాయలేదు. ఆ ఆలస్యాన్ని నువ్వు ఏమనుకున్నావో ఏమో.

నేల చుట్టూ రాళ్లు పాతారు. ఒక మూల గోడ లేస్తోంది. పరదేశి వేసిన తివ్రా ఇంకా కొంత నిలబడి ఉంది. కోసుకోనివ్వమని అడిగితే మేస్త్రీ సరేనన్నాడు. పరదేశి వెళ్లలేదు.

అతనికి నా పొలంలో సగం చేసుకోమన్నాను. నీ ఇద్దరు కొడుకులు ఏం చేస్తారు భైయా అన్నాడు. నిజమే, నా నేల మా ఇంటికే చాలదు. ఈ నెల మొదటి నుంచి అతను కార్ఖానాలో లోడింగు పనికి వెళ్తున్నాడు. సాయంత్రం సైకిలు మీద మా ఇంటి ముందు నుంచే వెళ్తాడు. తుండుగుడ్డ విప్పితే ముక్కు, నోరు తప్ప మిగతా ముఖం నల్లగా ఉంటుంది. మొదటి రోజు దిగి, "అక్కగారు అమ్ముతానంటే నువ్వేమన్నావు?" అని అడిగాడు. నేను ఏమీ అనలేదని చెప్పాను. "కుఛు నఇ కహేవ్ కా, భైయా?" అన్నాడు. ఏమీ అనలేదా అని. ఇప్పుడు దిగడం లేదు, బెల్లు కొట్టి వెళ్తాడు.

నిన్న సమావేశం జరిగింది. వెళ్లాను. కిందటి సమావేశంలో ఏం జరిగిందో గుమాస్తా చదివి వినిపించాడు. అందులో గడ్డి లేదు. సభ్యుడు భీమారావు పచ్చిక మేత కొరత గురించి ప్రస్తావించారని, అధ్యయన యాత్ర ఏర్పాటుకు సంతృప్తి తెలిపారని ఉంది. ప్రేమ్‌చంద్‌గారు కళ్లజోడు పైకెత్తి నా వైపే చూసి, "కిసీ కో ఆపత్తి?" అన్నాడు. ఆయన నిజంగానే అడిగాడని నాకు అనిపించింది. నేను లేచాను. నేను మాట్లాడింది మేత గురించి కాదు, ధూళి గురించి అని చెప్పాను. గుమాస్తా వెంటనే ధూళి అని దిద్దుకున్నాడు. ఆఫీసరు తల ఊపాడు. సర్వసమ్మతి అన్నారు. టీ వచ్చింది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచారు.

సమితిలో మాట్లాడినా మాట్లాడకపోయినా ఒకటే అవుతోంది. అక్కడ నాకు చేతనైంది ఇంతే. మళ్లీ పిలిస్తే మళ్లీ వెళ్తాను.

నిన్ను మాత్రం ఒకటి అడగాలి. నాన్న అలవాటు చేశాడు, మనందరికీ పట్టుకుంది. ఇక మీదట నేను ఏమీ అనకపోతే సరే అన్నానని అనుకోకు. ఏమీ అనలేదనే అనుకో. మళ్లీ అడుగు.

వచ్చే చలికాలానికి ఆకు పంపలేను.

భీమారావు